లేచే ముందు ఒక్కసారి 'స్టేటస్'

ఆ రాత్రి ముప్పై ఏడు గుళ్లు పోయాయి. కూలిపోలేదు, నిధుల కోసం ఎవరూ తవ్వుకుపోనూ లేదు. నిడుగల్లు దుర్గం మీదా, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పోయింది నా లాప్‌టాప్‌లోని వాటి జాబితా. నాలుగు వారాంతాలు ఎండలో తిరిగి రాసుకున్నది. ఏ గుడి ఏ దిక్కుకు తిరిగి ఉంది, శాసనం గోడ మీద ఉందా బండ మీద ఉందా, అక్షరాలు ఎంతవరకు మిగిలాయి, తాళంచెవి ఎవరింట్లో ఉంటుంది. ఆ చివరి గడి అన్నింటికంటే విలువైనది. పల్లెలో గుడి తలుపు తెరిపించుకోవాలంటే దేవుడి కంటే ముందు తాళంచెవి మనిషిని ప్రసన్నం చేసుకోవాలి.

పోగొట్టింది నేనే. ఫోల్డర్‌లో చెత్త పేరుకుపోయిందని 'గిట్ క్లీన్' కొట్టాను. కొట్టే ముందు జాగ్రత్తగా 'గిట్ స్టేటస్' కూడా చూశాను. కమిట్ చేయాల్సిందేమీ లేదు, అంతా శుభ్రం అంది. శుభ్రం అంటే భద్రం అనుకున్నాను. ఆ రెండు మాటలకీ మధ్య ఉన్న దూరమే ఈ అధ్యాయం.

ప్రోగ్రామర్లు కానివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. మీ కంప్యూటర్‌లో 'ప్రాజెక్ట్ ఫైనల్', 'ప్రాజెక్ట్ ఫైనల్ 2', 'సార్ దిద్దినది', 'ఇదే ఫైనల్' అని నాలుగు ఫైళ్లు ఉన్నాయంటే, వెర్షన్ కంట్రోల్ పనిని మీరు చేత్తో చేస్తున్నారన్నమాట. ఆ పనిని ఒక పద్ధతిలో చేసిపెట్టే సాధనాల్లో ఈనాడు ఎక్కువమంది వాడేది గిట్. ఒకే ఫైలు ఉంచుకుంటారు. దానిలో ఎప్పుడు ఏం మారింది, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్నది గిట్ దగ్గర చరిత్రగా ఉంటుంది. ఈ చరిత్రలో ఒక్కో నమోదు పేరు కమిట్. ప్రోగ్రాములకే కాదు, నాలాగా శాసనాల నోట్సు రాసుకునేవాడికీ, నవల రాసేవాడికీ, పెళ్లి ఖర్చుల పట్టీకీ పనికొస్తుంది.

ఇక నా నేరం సంగతి. గిట్ పట్టించుకోనక్కర్లేని ఫైళ్లను చెప్పడానికి 'గిట్ఇగ్నోర్' అనే చిన్న ఫైలు ఉంటుంది. తాత్కాలికంగా పుట్టి పోయే ఫైళ్లు అడ్డం రాకూడదని అందులో నెలల కిందట నేనే ఒక వరుస రాశాను: టెంప్, దాని వెనకే ఒక నక్షత్రం గుర్తు. నక్షత్రం అంటే 'ఆ తర్వాత ఏమున్నా సరే' అని. గుళ్ల జాబితాకు నేను పెట్టిన పేరు టెంపుల్. ఆ మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి మొదటి నాలుగూ చూడండి.

ఆ ఫైలు పుట్టిన రోజు నుంచీ గిట్‌కు కనపడలేదు. నేను నాలుగు వారాలు దాన్ని రోజూ మారుస్తూనే ఉన్నాను, గిట్ రోజూ 'ఏమీ మారలేదు' అంటూనే ఉంది. అబద్ధం చెప్పలేదు, నేను చూడొద్దన్నదాన్ని చూడలేదంతే. క్లీన్ మామూలుగా అయితే ఇగ్నోర్ చేసిన ఫైళ్ల జోలికి పోదు. వాటినీ ఊడ్చెయ్యమని చెప్పే 'ఎక్స్' గుర్తును తగిలించింది కూడా నేనే. బలవంతం అని చెప్పేదాకా క్లీన్ ఏదీ తుడవదు, 'ఎన్' గుర్తు పెడితే ఏవేవి పోతాయో చూపించి ఊరుకుంటుంది. ఆ సౌకర్యం సంగతి మర్నాడు తెలిసింది.

మా మేనమామకు ఈ కథ చెబితే ఆయన నవ్వలేదు. "అంటే నీ ఫైలు పేరు పహణీలోకే ఎక్కలేదు గదా అల్లుడా" అన్నాడు. పహణీ అంటే పొలాల రికార్డు. ఆ ఒక్క మాటతో, నేను పదేళ్లుగా వాడుతున్న సాధనం నాకు కొత్తగా అర్థమైంది.

మా నిడుగల్లు ఉన్న పావగడ తాలూకాను పటంలో చూసినవాళ్లకు తెలుసు. ఉన్నది కర్ణాటకలో, తుమకూరు జిల్లాలో. చుట్టూ మూడు వైపులా ఆంధ్రప్రదేశ్. ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితాల్లో కన్నడం. ఊరి పేరు కూడా అంతే. నిడు అంటే పొడవైన అని రెండు భాషలకూ తెలుసు. కల్లు అంటే కన్నడంలో రాయి, తెలుగులో తాగేది. పేరు పెట్టినవాళ్ల మనసులో ఉన్నది మాత్రం ఎదురుగా నిలబడ్డ కొండే. మా మామకు కంప్యూటర్ రాదు గానీ, కన్నడంలో అచ్చయిన పహణీని కళ్లు మూసుకుని చదవగలడు.

కర్ణాటక పహణీలో తొమ్మిదో గడిలో భూమి ఎవరి పేరున ఉందో ఉంటుంది. పదో గడిలో ఆ పేరు ఎలా వచ్చిందో, అంటే ఏ మ్యుటేషన్ (పేరు మార్పు) నంబరు, ఏ తేదీ అన్నది ఉంటుంది. పదకొండులో అప్పులూ ఇతర హక్కులూ. పన్నెండులో సాగు చేసిందెవరు, వేసిందేమిటి. తొమ్మిదో గడి తరానికోసారి మారుతుంది: తాత పోతే తండ్రి పేరు, పంపకాలైతే అన్నదమ్ముల పేర్లు. పన్నెండో గడి ప్రతి కారుకీ మారుతుంది, మా నేలల్లో ఎక్కువగా శనగకాయ అనే రాస్తారనుకోండి. ఒకే కాగితం మీద నిదానంగా మారేదీ, గబగబా మారేదీ పక్కపక్కనే ఉన్నాయి. కానీ రెండింటినీ ఒకేలా కాపలా కాయరు. పేరు మారాలంటే నోటీసు ఇవ్వాలి, ఆక్షేపణలకు గడువు ఇవ్వాలి. భూమి ప్రాజెక్టు మొదలైన రోజుల్లో ఆ గడువు 30 రోజులు. పంట మారిందని రాయడానికి లెక్కిగుడు, అంటే ఊరి లెక్కలు రాసే ఉద్యోగి, చేనుగట్టున నిలబడి చూస్తే చాలేది.

'భూమి' అంటే కర్ణాటక ప్రభుత్వం 2001 ప్రాంతంలో పహణీలన్నింటినీ కంప్యూటర్‌కెక్కించిన ప్రాజెక్టు. సుమారు రెండు కోట్ల రికార్డులు, 67 లక్షల మంది రైతులు. చేతిరాత పహణీ ఇక చెల్లదన్నారు. మార్పు చేసే ఉద్యోగి వేలిముద్ర వేసి లోపలికి వెళ్లాలి, కాబట్టి ఎవరు మార్చారో తెలిసిపోతుంది. వెర్షన్ కంట్రోల్ అన్న మాట ఎవరూ అనలేదు గానీ చేసింది అదే. మ్యుటేషన్ నంబరు అనే మాటకు బదులు కమిట్ అని పెట్టుకోండి, ఆక్షేపణల గడువుకు బదులు సహోద్యోగులు చదివి సరేననే 'రివ్యూ' అని పెట్టుకోండి. మా తాలూకాలోనే నాగలమడికె హోబ్లిలో తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర పార్కు వచ్చింది. కనుచూపు మేర నేల రూపమే మారిపోయింది. అయినా భూమిని కొనలేదు, రైతుల దగ్గర గుత్తకు తీసుకున్నారు. కంటికి అంత పెద్దగా కనపడే మార్పులో యజమాని మాత్రం మారలేదు. మారినదేదో మారనిదేదో కంటితో చెప్పలేం, రికార్డు చూడాలి.

గిట్ కూడా ఫైళ్లన్నిటినీ ప్రతిసారీ చదవదు. తన దగ్గర 'ఇండెక్స్' అనే పట్టీ ఉంటుంది. జాబితాలోకెక్కిన ప్రతి ఫైలుకూ దాని సైజెంత, చివరిసారి ఎప్పుడు తాకారు లాంటి గుర్తులు అందులో రాసిపెట్టుకుంటుంది. స్టేటస్ అడగగానే ఆ గుర్తులనే సరిచూస్తుంది. తేడా కనపడిన ఫైలునే తెరిచి చదువుతుంది, చదివి నిజంగా లోపలి మాటలు మారాయా లేదా తేల్చుకుంటుంది. ఊరికే తెరిచి సేవ్ చేసిన ఫైలును మారిందని చెప్పదు. లెక్కిగుడు అప్పట్లో చేసిందీ అదే. చెరువుకట్ట మీద నిలబడి చూసి, పోయినేటికి భిన్నంగా కనపడిన చేలోకి దిగేవాడు.

ఫైళ్లు వందల్లో ఉంటే ఇది కంటిరెప్పపాటు పని. లక్షల్లో ఉంటే కాదు. 2017లో మైక్రోసాఫ్ట్ తన విండోస్ కోడంతా గిట్‌లోకి తెచ్చినప్పుడు అది 35 లక్షల ఫైళ్లు, 300 జీబీ. 'ఏం మారింది' అన్న ఒక్క ప్రశ్నకు జవాబు రావడానికి నిమిషాల తరబడి పట్టేదట. ఆ కంపెనీ పెద్ద సత్య నాదెళ్లది అనంతపురం జిల్లా మూలాలున్న కుటుంబం, అంటే మా పొరుగే. అందుకే ఈ సంగతి చెప్పుకోవడం మాకు కాస్త సరదా. చివరికి వాళ్లు పట్టుకున్న దారి కూడా చెరువుకట్ట దారే: అన్నీ వెతకొద్దు, ఏది తాకారో దాన్నే చూడు. 2022లో వచ్చిన గిట్ 2.37లో విండోస్, మ్యాక్ వాడేవాళ్లకు అలాంటి కాపలాదారు గిట్‌తోపాటే వచ్చింది. ఫైలు మారిన క్షణాన ఆపరేటింగ్ సిస్టమే దానికి కబురు పెడుతుంది.

ఇక చేతిలోకి తీసుకోవాల్సిన పని. స్టేటస్‌ను పొడుగు వాక్యాల్లో కాకుండా పొట్టిగా చూపించమని 'ఎస్' గుర్తుతో అడగండి. ప్రతి ఫైలు పేరుకు ముందు రెండు నిలువు గళ్లు వస్తాయి. ఎడమ గడి, తర్వాతి కమిట్‌లోకి వెళ్లడానికి మీరు 'గిట్ యాడ్' చేసి సిద్ధం చేసింది. కుడి గడి, మీరు మార్చారు గానీ ఇంకా సిద్ధం చేయనిది. మారినదానికి ఎమ్, కొత్తగా చేర్చినదానికి ఏ, తీసేసినదానికి డీ. గిట్‌కు కనపడుతున్నా పేరు ఎక్కనిదానికి రెండు ప్రశ్నార్థకాలు.

రెండు గళ్లలోనూ ఎమ్ కనపడితే అక్కడ ఆగండి. నాకు అది నేర్పింది ఒక శక సంవత్సరం. శాసనంలో శక సంవత్సరం ఉంటే 78 కలిపి క్రీస్తు శకం వేసుకుంటాం. ఒక రోజు 1145 అని చదివి, ఫైలులో ఎక్కించి, యాడ్ చేశాను. టీ తాగొచ్చి ఫోటోను పెద్దది చేసి చూస్తే అది 1154. ఫైలులో దిద్దాను, సేవ్ చేశాను, కమిట్ కొట్టాను. కమిట్‌లోకి వెళ్లింది 1145. యాడ్ చేసిన క్షణంలో ఫైలు ఎలా ఉందో గిట్ దాన్నే పట్టుకుని కూర్చుంది, టీ తర్వాతి దిద్దుబాటు కుడి గడిలో ఎమ్‌గా మిగిలిపోయింది. ఎడమ ఎమ్ టీకి ముందుది, కుడి ఎమ్ టీ తర్వాతది. నేను ఆ రెండో ఎమ్‌ను చూసి ఉంటే తొమ్మిదేళ్లు తప్పేవి. 'గిట్ డిఫ్' అంటే కుడి గడిలోని మార్పును వరుసవరుసగా చూపిస్తుంది. దానికి 'స్టేజ్డ్' అని చేరిస్తే ఎడమ గడిది. కమిట్‌కు ముందు ఈ రెండోదాన్ని చదవడం, చెక్కు మీద సంతకానికి ముందు అంకె చూసుకోవడం లాంటిది.

గిట్‌కు అస్సలు కనపడనివాటిని చూడటానికి పొట్టి స్టేటస్‌కు 'ఇగ్నోర్డ్' అని చేర్చాలి. అప్పుడు దాచిన ఫైళ్లు రెండు ఆశ్చర్యార్థకాలతో బయటపడతాయి. ఫలానా ఫైలును ఎందుకు దాచావు అని అడగాలంటే 'చెక్ ఇగ్నోర్' అనే ఆదేశం ఉంది. దానికి 'వీ' గుర్తు తగిలిస్తే ఏ ఫైలులో ఎన్నో వరుస వల్ల దాచిందో చెబుతుంది. అది నాకు ముందే తెలిసి ఉంటే ఈ అధ్యాయం ఉండేది కాదు. నెలకోసారి, అమావాస్యకో పున్నానికో గుర్తు పెట్టుకుని, దాచినవాటి పట్టీని ఒకసారి చూడండి. ఇగ్నోర్ వరుసలు రాసేటప్పుడు నక్షత్రాన్ని అప్పుల్లాగా పొదుపుగా వాడండి. ఇంకొక మెలిక కూడా ఉంది. ఒకసారి జాబితాకెక్కిన ఫైలును తర్వాత ఇగ్నోర్‌లో రాసినా గిట్ దాన్ని వదలదు, పేరు కొట్టేయించాలి. పట్టా ఉన్నవాడిని నోటిమాటతో ఖాళీ చేయించలేం కదా.

ఎవరు ఏ ఫైలు మీద పని చేస్తున్నారన్నది మాత్రం గిట్ చెప్పలేదు. పాత సాధనాలు చెప్పేవి. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ రాసిన ఎస్‌సీసీఎస్, 1982లో వాల్టర్ టిచీ తెచ్చిన ఆర్‌సీఎస్ రెండూ తాళం పద్ధతివి. ఫైలు దిద్దాలంటే తాళం తీసుకోవాలి, తిరిగిచ్చేదాకా ఇంకొకరు దిద్దలేరు. తాళంచెవి ఎవరింట్లో ఉందో ఊరందరికీ తెలుసు. ఆయన పెళ్లికెళ్తే గుడి మూతే. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్‌లో ఆ తాళమే లేదు. లోకం నలుమూలల నుంచీ లినక్స్ కెర్నెల్‌కు మార్పులు పంపేవాళ్లు ఒకరి తాళం కోసం ఒకరు కూర్చోలేరు. ఎవరి నకలు వాళ్లది, చివర్లో కలుపుకుందాం అన్నాడు. స్వేచ్ఛ వచ్చింది, 'నేను ఈ ఫైలు మీద ఉన్నాను' అని నోటితో చెప్పాల్సిన బాధ్యత కూడా వెంట వచ్చింది. జట్టులో పని చేసేవాళ్లు పొద్దున్నే ఆ ఒక్క మాట చెప్పుకుంటే సగం గొడవలు ఉండవు. మిగతా సగం ఎలాగూ ఉంటాయి.

స్టేటస్ ఈ రోజు సంగతి చెబుతుంది. ఏడాది సంగతి చెప్పేది 'గిట్ లాగ్'. మూడు నెలల కమిట్లలో మారిన ఫైళ్ల పేర్లు మాత్రమే రాయించండి, పేర్లను వరుసలో పెట్టి ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టించండి. టెర్మినల్‌లో ఇది ఒక్క వరుస పని. పైన వచ్చే నాలుగైదు పేర్లే మీ పని నిజంగా జరుగుతున్న చోటు. చాలాసార్లు అవి మీరు అనుకున్నవి కావు.

నా లెక్కలో శాసనాల ఫైళ్లు పైన ఉంటాయనుకున్నాను. లూయిస్ రైస్ 1904లో అచ్చు వేయించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పన్నెండో సంపుటంలో తుమకూరు జిల్లా శాసనాలున్నాయి, పావగడ తాలూకావి విడిగా నంబర్లతో. వాటిని ఒక్కోదానికి ఒక్కో ఫైలుగా పెట్టుకున్నాను. రాయి మీద చెక్కింది మారదు కాబట్టి అవీ పెద్దగా మారలేదు. నిడుగల్లు చోళులు తాము కరికాలుడి వంశమనీ, ఒరెయూరు ప్రభువులమనీ చెప్పుకున్నారు. ఇరుంగోళ అన్న పేరు వాళ్లలో ఒకరికంటే ఎక్కువ మందికి ఉంది. మొదట్లో వాళ్లందరి సంగతులూ ఒకే ఫైలులో రాసి కొంత తికమక పడ్డాను, ఆ మాటకొస్తే చరిత్రకారులూ పడ్డారు. కానీ లెక్కలో అదీ కాదు అగ్రస్థానం. అన్నింటికంటే పైన, మిగతావాటికి అందనంత ఎత్తున ఉన్నది ఊళ్ల పేర్ల ఫైలు.

ఎందుకో చూడటానికి దాని చరిత్ర తెరిచాను. కన్నడ రికార్డులో హళ్లి, మా నోట పల్లి. ఒకరోజు హళ్లిని పల్లి చేశాను, పది రోజులకు మళ్లీ హళ్లి చేశాను. పటంలో ఒకలా, పహణీలో ఒకలా, బస్సు బోర్డు మీద ఇంకోలా. నిడగల్ అనీ, నిడుగల్ అనీ, నిడుగల్లు అనీ మా ఊరే మూడుసార్లు వేషం మార్చింది. మూడు నెలలుగా నేను చేసింది దిద్దడం కాదు, నాతో నేను వాదించుకోవడం. ప్రతి వారం ఒకే ఫైలులో ఒకే వరుసను అటూ ఇటూ తిప్పుతున్నామంటే అక్కడ తప్పు లేదు, తేల్చని ప్రశ్న ఉంది. నేను చేసిందల్లా గడులు పెంచడం. ఊరికి ఒక నంబరు, కన్నడ రికార్డు పేరుకు ఒక గడి, నోటిపేరుకు ఒక గడి, శాసనంలోని పేరుకు ఒక గడి. ఆ తర్వాత ఆ ఫైలు అగ్రస్థానం నుంచి దిగిపోయింది.

మీ ఫోల్డర్‌లో గిట్ లేకపోయినా ఇది చేయొచ్చు. ఫైళ్లను 'చివరిగా మారిన తేదీ' ప్రకారం అమర్చి, పైనున్న ఐదింటినీ శనివారం శనివారం ఒక కాగితం మీద రాయండి. ఎనిమిది వారాలయ్యాక ఆ కాగితం చూడండి. అందులో ప్రతి వారం ఉండే పేరు ఒకటుంటుంది. ఇంటి లోన్ లెక్కో, పంపని రాజీనామా ఉత్తరమో.

గుళ్ల కోసం నేను మళ్లీ కొండ ఎక్కాను. ఈసారి నోటుపుస్తకంతో, మామతో. ఆయనకు తాళంచెవులన్నీ తెలుసు కాబట్టి రెండు వారాంతాల్లో అయిపోయింది. రాత్రి కూర్చుని ఎక్కించి, ఫైలుకు ఇంగ్లిష్ పేరు పెట్టే పొరపాటు మళ్లీ చేయకుండా తెలుగులో 'గుళ్లు' అని పెట్టాను. స్టేటస్ కొట్టాను. రెండు ప్రశ్నార్థకాలు వచ్చాయి, పక్కన గుళ్లు లేవు. 340, 260, 227, 340, 261, 201 అంటూ మధ్య మధ్య ఏటవాలు గీతలతో పద్దెనిమిది సంఖ్యలు.

భుజం మీంచి చూస్తున్న మామ, "ఇవేం సర్వే నంబర్లురా?" అన్నాడు.

గిట్ ఇంగ్లిష్ కాని అక్షరాలను మామూలుగా ఇలా బైట్ల అంకెలుగా చూపిస్తుంది. 'గుళ్లు'లో యూనికోడ్ గుర్తులు ఆరు, ఒక్కోదానికి మూడు బైట్లు. కాన్ఫిగ్‌లో 'కోర్ కోట్‌పాత్' అనేదాన్ని ఫాల్స్ చేస్తే తెలుగు తెలుగులాగే వస్తుంది. చేశాను. ఈసారి ప్రశ్నార్థకాల పక్కన గుళ్లు. యాడ్ కొట్టాను, ఎడమ గడిలో ఏ పడింది.

"ఎక్కిందా?"

"లేదు మామా. అర్జీ పెట్టినట్టు. ఇంకా ఎక్కియ్యాల."

"అయితే ఎక్కిచ్చినాంక లెయ్" అని ఆయన కూర్చున్నాడు.

'గుళ్ల జాబితా, రెండోసారి' అని రాసి కమిట్ చేశాను.